వచ్చిపోవు ఇంజను దీపము – ఉపేక్షింపరాని హెచ్చరిక

కర్నూలు జిల్లాలో కోడుమూరు పరిసర గ్రామములందు ఒకప్పుడు దూర ప్రయాణమనిన ఎడ్లబండియో, బస్సో దిక్కు. నేడు అనేక గ్రామములలో సొంత కార్లు, బాడుగ కార్లు కలవు. పెండ్లికి, సంతకు మాత్రమే గాక, రాత్రివేళ పురిటినొప్పులు పడు స్త్రీని, తేలు కుట్టిన బిడ్డను, గుండెనొప్పి వచ్చిన వృద్ధుని కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు చేర్చుటకు కూడ అవి ఉపయోగపడుచున్నవి. 108 వాహనము మరియొక చోట నున్నప్పుడు ఊరి పెద్దలు మొదట కబురు పంపునది కారు గల ఇంటికే. కావున కారు బాగోగులు దాని యజమాని సొంత విషయము మాత్రమే కాదు. అవి ఊరి క్షేమముతో ముడిపడియున్నవి.

ఇట్టి కార్లలో తరచుగా కనబడు చిక్కు ఒకటి కలదు. డ్రైవరు ఎదుటి పలకపై ఇంజను ఆకారము గల పసుపుపచ్చని దీపము వెలుగును. బండి అదరును. కొన్ని దినములకు దీపము ఆరిపోవును, అదురును తగ్గును. “తనంతట తానే సర్దుకొన్నది” అని యజమాని తృప్తిపడును. పదిదినములకు మరల అదే కథ. మిస్త్రీ కడకు తీసికొనిపోయిన నాడు మాత్రము బండి చక్కగా నడచును. లోపము చిక్కదు.

దీపము ఏల వెలుగును?

నలుగురు స్త్రీలు ఒకే రోటిలో వంతులవారీగా రోకలిపోటు వేయుట మనమెరిగినదే. ఒకరి పోటు తప్పినచో లయ చెడును. రోలు కదలును. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను పనియు అట్టిదే. కారు నిలిచియుండగా ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అప్పుడు ఒక్కొక్క సిలిండరులో 400 సార్లు, నాలుగింటిలో కలిసి 1600 సార్లు పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము నిప్పురవ్వతో మండవలెను. ఒక సిలిండరులో మంట తప్పినచో ఇంజను తిరుగుడు క్షణకాలము మందగించును. మనకు తెలియు అదురు ఇదియే.

ఇంజనును కనిపెట్టియుండు చిన్న కంప్యూటరు ఈ మందగింపును పసిగట్టును. మన దేశమున 2020 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన భారత్ స్టేజి 6 ప్రమాణముల ననుసరించి నిర్మింపబడిన కార్లలో ఈ ఏర్పాటు కలదు. అంతకు పూర్వపు కార్లలోను అనేకమునకు ఇది యుండెను. ఒక్కసారి మంట తప్పినంత మాత్రమున కంప్యూటరు దీపము వెలిగింపదు. సాధారణముగా వరుసగా రెండు ప్రయాణములలో అదే లోపము కనబడినచో వెలిగించును. పిమ్మట వరుసగా మూడు ప్రయాణములలో లోపము కనబడనిచో ఆర్పివేయును. కాని లోపము యొక్క సంకేత సంఖ్య మరి కొంతకాలము దాని జ్ఞాపకములో నిలిచియుండును. దీపము ఆరుట రోగము కుదురుటకు గుర్తు కాదని దీనివలన తెలియుచున్నది.

నిలుకడ దీపము, మిణుకు దీపము

ఈ దీపము నిలుకడగా వెలిగి, బండి మామూలుగా నడచుచున్నచో మెల్లగా గమ్యము చేరి, త్వరలో పరీక్ష చేయింపవచ్చును. దీపము మిణుకు మిణుకుమనుచు బండి అదరుచున్నచో అది తీవ్రమైన హెచ్చరిక. అప్పుడు మండని పెట్రోలు పొగగొట్టములోని శుద్ధియంత్రము లోనికి, అనగా కెటలిటిక్ కన్వర్టరు లోనికి పోయి అక్కడ మండును. ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి విలువైన లోహముల పూత గల ఆ పరికరము సాధారణముగా 400 నుండి 800 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో పనిచేయును. మండని పెట్రోలు చేరినచో వేడి 1000 డిగ్రీలను దాటవచ్చును. లోపలి పింగాణి గూడు కరగి, పొగ పోవు దారి మూసికొనిపోవును. కొలది ఖర్చుతో తీరవలసిన లోపము ఈ విధముగా పెద్ద ఖర్చునకు దారితీయును.

మన ప్రాంతమున దీనికి తోడు మరియొక అపాయము కలదు. కొర్ర, జొన్న, ఉలవ పంటలను తారురోడ్డుపై పరచి, వచ్చిపోవు బండ్ల చేత నూర్పించు అలవాటు పలుచోట్ల నున్నది. ఎండిన ఉలవ తీగ, చొప్ప కారు అడుగున చుట్టుకొని కాలిన పొగగొట్టమునకు తగిలినచో అంటుకొనగలదు. మంట తప్పుచున్న ఇంజను గల బండికి ఈ అపాయము మరింత అధికము. బండి నిండ మనుషులుండగా అడుగున నిప్పు రేగినచో తలుపులు తెరచుకొని దిగుటకు వ్యవధి స్వల్పము.

లోపమును కనిపెట్టు క్రమము

వచ్చిపోవు లోపమును పట్టుటకు యజమాని గుర్తులే మొదటి ఆధారము. కారులో ఒక చిన్న పుస్తకముంచి ఈ క్రింది విషయములు వ్రాసికొనవలెను.

1. అదురు ఎప్పుడు వచ్చినది? తెల్లవారుజామున ఇంజను చల్లగా నున్నప్పుడా, మధ్యాహ్నపు ఎండలో వేడెక్కిన పిమ్మటనా, వానలోనా?

2. బండి నిలిచియుండగా వచ్చినదా, మిట్ట ఎక్కునప్పుడా, బరువుతో పోవునప్పుడా?

3. అంతకు ముందు పెట్రోలు ఎక్కడ పోయించిరి? బండి ఎన్ని దినములు కదలక నిలిచియుండెను?

ఈ జవాబులు దారి చూపును. వేడెక్కిన పిమ్మట మాత్రమే అదురు వచ్చినచో నిప్పురవ్వకు విద్యుత్తునందించు కాయిలులో బీట ఉండవచ్చును. వానలో వచ్చినచో కాయిలులోనికో, తీగల కలయికలలోనికో తేమ చేరియుండవచ్చును. ఇంజను నిలుకడగా తిరుగునప్పుడు వచ్చి, వేగము పెంచగా పోయినచో రబ్బరు గొట్టము పగిలి అదనపు గాలి చొరబడుచుండవచ్చును. మిట్ట ఎక్కునప్పుడు వచ్చినచో అరిగిన స్పార్కు ప్లగ్గును, చాలినంత పెట్రోలు అందకుండుటను శంకింపవలెను. చిల్లర కొట్టులో సీసాలతో కొన్న పెట్రోలులో నీరు, మట్టి ఉండవచ్చును. ఇథనాలు కలిసిన పెట్రోలు తేమను పీల్చుకొనును గనుక, నెలల తరబడి కదలని బండి టాంకులో నీరు చేరవచ్చును. ఇంజను వెచ్చదనమునకు చేరిన ఎలుకలు తీగలను కొరుకుటయు గ్రామములందు సామాన్యమే.

తరువాతి పని సంకేత సంఖ్యను చదివించుట. స్టీరింగు క్రింద నుండు 16 సూదుల రంధ్రములో చిన్న పరికరమును తగిలించినచో ఆ సంఖ్య కనబడును. పి 0301 అనిన మొదటి సిలిండరులోను, పి 0302 అనిన రెండవ దానిలోను మంట తప్పినదని యర్థము. పి 0300 అనిన ఒక సిలిండరుకు పరిమితము కాక పలుచోట్ల తప్పుచున్నదని యర్థము. ఆ సంఖ్యను కాగితముపై వ్రాసికొనకమునుపు చెరిపివేయరాదు. బ్యాటరీ తీగ ఊడదీయరాదు. ఊడదీసిన దీపము ఆరును గాని, లోపమునకు గల సాక్ష్యము కూడ దానితో పోవును.

సంఖ్య పి 0301 అని తేలినచో ఖర్చు లేని పరీక్ష ఒకటి కలదు. విడివిడి కాయిళ్లు గల ఇంజనులో మొదటి సిలిండరు కాయిలును రెండవ దానికి మార్చి నడిపి చూడవలెను. ఇప్పుడు సంఖ్య పి 0302గా మారినచో దోషము కాయిలుది. మారనిచో ప్లగ్గును, పిమ్మట పెట్రోలు చిమ్ము ఇంజెక్టరును అదే విధముగా పరీక్షింపవలెను. వీనిలో ఏదియు కానిచో సిలిండరులోని ఒత్తిడిని కొలిపింపవలెను. ఇట్లు వరుసగా పోవక ఒక్కొక్క భాగమును కొని మార్చుచు పోయినచో డబ్బు వ్యయమగును, లోపము మిగిలిపోవును.

అదురంతయు ఇంజనుది కాదు. దీపము వెలుగక, వేగము హెచ్చినప్పుడు మాత్రమే అదరినచో చక్రముల తూకము చూపింపవలెను. బ్రేకు వేసినప్పుడు మాత్రమే అదరినచో బ్రేకు పళ్లెములను చూపింపవలెను. నిలిచియున్నప్పుడు అదరి, సంకేత సంఖ్య ఏదియు లేనిచో ఇంజను క్రింది రబ్బరు దిమ్మెలు అరిగియుండవచ్చును. డీజిలు బండికి స్పార్కు ప్లగ్గు ఉండదు. దానిలో డీజిలు ఫిల్టరులోని నీటిని, ఇంజెక్టర్లను మొదట పరీక్షింపవలెను.

దారిలో చేయదగినది

రోగిని తీసికొనిపోవుచుండగా దీపము మిణుకుమనినచో కంగారుపడి వేగము హెచ్చింపరాదు. వెంటనే వేగము తగ్గించవలెను. మిణుకు ఆగి, అదురు తగ్గినచో మెల్లగా సాగవచ్చును. ఆగనిచో గడ్డి, చొప్ప లేని చోట బండి నిలిపి ఇంజను ఆపి, వేరొక బండికి కబురు చేయవలెను. ఎర్రని ఆయిలు దీపము గాని, వేడి దీపము గాని వెలిగినచో ఒక్క ఫర్లాంగు కూడ పోరాదు. తక్షణమే నిలుపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

అత్యవసర వేళ ఉపయోగపడు కార్ల జాబితాను పంచాయతీ కార్యాలయమున వ్రాసియుంచి, ఒక బండి చెడినచో పిలువవలసిన రెండవ బండిని ముందుగానే నిర్ణయించుట మంచిది. ఊరికి సమీపమున ఉమ్మడి కల్లమునకు స్థలమేర్పరచి, రోడ్డుపై నూర్పిడిని మాన్పించుట రైతునకును, ప్రయాణికునకును మేలు. ఈ విషయమును గ్రామసభలో చర్చించి, పంట కోతకు ముందే నిర్ణయము తీసికొనవలెను.

దీపము వెలిగిన నాడు చూపించుకొన్న బండి, అర్ధరాత్రి బాలింత ప్రాణము దానిపై ఆధారపడిన నాడు దారిలో నిలువదు. సభ్యులు తమ గ్రామములలోని కారు యజమానులకును, డ్రైవర్లకును ఈ సంగతి తెలియజేసినచో ఊరికి ఎంతయో మేలు చేసినవారగుదురు.