స్ట్రాబెర్రీ కథ – జామపండు గొప్ప

స్ట్రాబెర్రీ అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేది పండు కాదు, గులాబీరంగు క్రీం బిస్కెట్టు. మేమూ అంతే. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఆ బిస్కెట్టు వాసనే స్ట్రాబెర్రీ వాసన అనుకున్నాం. అసలు పండును పీజీలో చేరాకే, రూములో నలుగురం డబ్బులు వేసుకుని కొన్నాం. కొరికితే పుల్లగా, నీరునీరుగా ఉంది. "ఇదేనా?" అని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అప్పుడే ఈ పండు సంగతులు తెలుసుకోవాలనిపించింది.

పుట్టుక

అడవి స్ట్రాబెర్రీలను మనిషి ఏనాటి నుంచో తింటున్నాడు. అవి చాలా చిన్నవి. నేడు మార్కెట్లో కనిపించే పెద్ద పండు వయసు మూడు వందల ఏళ్ళలోపే. 1712లో అమెడే ఫ్రాంస్వా ఫ్రెజియే అనే ఫ్రెంచి ఇంజనీరు, స్పెయిన్ వారి కోటల గుట్టు తెలుసుకోవడానికి దక్షిణ అమెరికా వెళ్ళాడు. చిలీలో మపూచే ప్రజలు పెంచుతున్న పెద్ద స్ట్రాబెర్రీలు చూసి, 1714లో ఐదు మొక్కలు తెచ్చాడు. అవి పూశాయి గానీ కాయలేదు. కారణం, అన్నీ ఆడమొక్కలే! తర్వాత బ్రిటనీ ప్రాంతంలో వాటి పక్కన ఉత్తర అమెరికా నుంచి వచ్చిన వర్జీనియా రకం నాటితే, పుప్పొడి అంది కాశాయి. ఆ రెండింటి సంకరమే నేటి స్ట్రాబెర్రీ. ఈ రహస్యాన్ని 1766లో పుస్తకంగా రాసిన ఆంత్వాన్ నికొలా డ్యుషేన్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ మాట గుర్తుంచుకోండి!

మరో వింత. మనం తినే ఎర్రని కండ వృక్షశాస్త్రం ప్రకారం పండు కాదు, ఉబ్బిన పుష్పాసనం. పైన గింజల్లా కనిపించేవే అసలు పండ్లు.

మన దేశంలో మహారాష్ట్రలోని మహాబలేశ్వరం దీనికి ప్రసిద్ధి. ఆ పండుకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి చలిలోనూ పండిస్తున్నారు.

ఆరోగ్యం

వంద గ్రాముల స్ట్రాబెర్రీలో సుమారు 90 గ్రాములు నీరే. విటమిన్ సి దాదాపు 60 మిల్లీగ్రాములు. ఇది చిగుళ్ళను కాపాడుతుంది, గాయాలు మానడానికి తోడ్పడుతుంది. ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. అయితే కొందరికి ఈ పండు పడదు. దద్దుర్లు వస్తే మానేయాలి.

ఇక్కడే అసలు విషయం. మా బ్యాచ్‌లో ఒక మిత్రుడు ఉదయం ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయాడు. డాక్టరు గారు రక్తం తక్కువగా ఉందన్నారు. అప్పుడు మాకు ఈ సంగతులేవీ తెలియవు. వంద గ్రాముల జామపండులో విటమిన్ సి 200 మిల్లీగ్రాములకు పైనే, అంటే స్ట్రాబెర్రీకి మూడు రెట్లు! ఉసిరికాయ కూడా ఇందులో గొప్పదే. మేము కొన్న ఆ చిన్న పెట్టె ధరకు రెండు కిలోల జామపండ్లు వచ్చేవి.

తినే తీరు

స్ట్రాబెర్రీని తొడిమతోనే కడిగి, తర్వాత తొడిమ తీయాలి. మహాబలేశ్వరంలో మీగడతో తింటారు. జామ్ కూడా చేస్తారు, కానీ ఉడికిస్తే విటమిన్ సి చాలావరకు పోతుంది. జామపండుకు ఇవేవీ అక్కర్లేదు. కడిగి, ఉప్పూకారం అద్దుకుని భోజనంతో పాటు తింటే చాలు.

మిత్రులారా, స్ట్రాబెర్రీ దొరికితే తప్పక రుచి చూడండి. దొరకలేదని చిన్నబోకండి. మన ఊళ్ళో జామచెట్టు ఉంది. వీలైతే హాస్టల్ ఆవరణలో ఒక మొక్క నాటండి. మన తర్వాత వచ్చే తమ్ముళ్ళు తింటారు.