ఖాళీ గళ్ళలోని పుస్తకాలు

శనివారం సాయంత్రం క్లబ్బులో తంబోలా ఆడని ఉద్యోగ కుటుంబం మన టౌన్‌షిప్‌లో అరుదు. చీటీ ముందు పెట్టుకొని, పెన్సిలు చేతబట్టి, పిలిచే అంకె కొరకు చెవులు రిక్కించి కూర్చున్న పిల్లల ఏకాగ్రతను చూచినప్పుడల్లా మాకు కొంచెం అసూయగా ఉండేది. ఆ హాలుకు పక్క గదిలోనే పిల్లల గ్రంథాలయం ఉన్నది. అక్కడ బీరువాల నిండా పుస్తకాలు; తీసేవారు మాత్రం లేరు. గ్రంథాలయ కమిటీ బాధ్యత మోస్తున్న మాకు, ఆ చీటీనే ఇవతలి గదికి తెచ్చుకొంటే ఎలా ఉంటుందన్న ఆలోచన ఒక వేసవిలో కలిగింది.

ఈ ఆటకు చదువుతో బంధుత్వం కొత్తది కాదు. ఇటలీ దేశపు లాటరీ నుండి పుట్టిన ఈ ఆటను 19వ శతాబ్దంలో జర్మనీలో పిల్లలకు ఎక్కాలు, అక్షరక్రమం నేర్పటానికి వాడుకొన్నారట. 1929లో ఎడ్విన్ లో అనే బొమ్మల వ్యాపారి అమెరికాలోని ఒక సంతలో దీనిని చూచి, తరువాత 'బింగో' పేరుతో దేశమంతటా వ్యాపింపజేశాడు. అక్కడి చీటీలో అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గళ్ళు. నట్టనడుమ గడి ఉచితం. ఇప్పుడు అక్కడి బడులలోనూ గ్రంథాలయాలలోనూ, అంకెలకు బదులు పుస్తకాల రకాలు రాసిన బింగో చీటీలను వేసవి సెలవులలో పంచుతున్నారు. పిల్లవాడు తనంతట తానే పుస్తకం ఎంచుకొని, చదివి, గడి కొట్టివేస్తాడు. మనకు తెలిసిన తంబోలా చీటీ తీరు వేరు. అందులో మూడు వరుసలు, వరుసకు తొమ్మిది గళ్ళు. మొత్తం 27 గళ్ళలో అంకెలుండేవి 15 మాత్రమే. తక్కిన 12 ఖాళీ. ఈ ఖాళీ గళ్ళ ప్రసక్తి మళ్ళీ వస్తుంది.

మొదటి వేసవిలో అంకెలుండవలసిన 15 గళ్ళలో 15 రకాల పుస్తకాలు రాశాము. జంతువులు మాట్లాడే కథ, ఒక శాస్త్రజ్ఞుని జీవితం, ఒక నాటకం, ఒక యాత్రా చరిత్ర, తాతగారి కాలంలో అచ్చయిన పుస్తకం, పొరుగు రాష్ట్రపు కథలు, ఇలా. క్లబ్బు పద్ధతినే అనుసరించి, ముందుగా ఐదు గళ్ళు నింపినవారికి 'జల్దీ ఫైవ్', వరుస నిండితే జామెట్రీ పెట్టె, 'ఫుల్ హౌస్'కు క్రికెట్ బ్యాటు ప్రకటించాము. మొదటి వారానికే బీరువాలు సగం ఖాళీ అయినాయి. మా ఆనందానికి మేర లేదు.

నాలుగు రోజులలో ఫుల్ హౌస్ చేసుకొని ఒక అబ్బాయి వచ్చినప్పుడు గాని మాకు కళ్ళు తెరుచుకోలేదు. అతడు చదివినవన్నీ ఒకటవ తరగతి వారి కొరకు కొన్న బొమ్మల పుస్తకాలు. ఒక్కొక్కటి 16 పేజీలకు మించదు. యాత్రికుడు ఏమేమి చూశాడయ్యా అని అడిగితే అతడు పైకప్పు వైపు చూశాడు. తప్పు అతనిది కాదు. 'జల్దీ' అన్నది మేమే గదా!

అంతకన్న మమ్మల్ని ఎక్కువ బాధించిన సంగతి మరొకటి ఉన్నది. ఎనిమిదవ తరగతి చదివే ఒక అమ్మాయి నండూరి రామమోహనరావుగారు తెలుగు చేసిన 'టామ్ సాయర్' తీసుకొని, దానినే రెండుసార్లు చదివింది. సెలవులు ముగిసేనాటికి ఆమె చీటీలో నిండినది ఒకే ఒక గడి. బహుమతుల సభలో చివరి వరుసలో కూర్చున్నది. పుస్తకం తిరిగి ఇస్తూ, "నేను ఓడిపోయినట్లేనా ఆంటీ?" అని అడిగింది. మా కమిటీలో ఎవరి వద్దా జవాబు లేకపోయింది.

బహుమతి గురించి విదేశాలలో జరిగిన ఒక పరిశోధన ఆ తరువాత మా దృష్టికి వచ్చింది. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో దానిని ప్రకటించారు. రంగు పెన్నులతో బొమ్మలు వేయటం సహజంగానే ఇష్టపడే నర్సరీ పిల్లలను ఎంపిక చేసి, కొందరికి "బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తాము" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తరువాత గమనిస్తే, పత్రం కొరకని తెలిసి బొమ్మలు వేసిన పిల్లలు ఆ పెన్నులతో గడిపే సమయం తక్కినవారితో పోలిస్తే దాదాపు సగమే. అంటే మా క్రికెట్ బ్యాటు చేయగలిగిన చెరుపు తక్కువేమీ కాదు. ఆట మానివేద్దామని కమిటీలో కొందరన్నారు. కాని చీటీ లేని రోజులలో ఆ గదిలోకి ఎవరూ అడుగుపెట్టలేదన్న సంగతి కూడ మరువలేము.

మరుసటి వేసవికి 'జల్దీ ఫైవ్' తీసివేశాము. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న లెక్క లేదు. వరుస నిండినవారికి వస్తువులకు బదులు ఒక హక్కు ఇచ్చాము: ఆ సంవత్సరం గ్రంథాలయం కొనవలసిన పుస్తకాల జాబితాలో ఒక పేరు రాయవచ్చు. గడి కొట్టే ముందు పరీక్ష ఉండదు. రెండు నిముషాల ముచ్చట ఉంటుంది. "ఇందులో నీకు నచ్చనివారెవరు?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబుతోనే చదివిందీ లేనిదీ తెలిసిపోతుంది. (పిల్లలకు మార్కులు వేయండని ఒకరిద్దరు తండ్రులు పట్టుబట్టారు. వారిని కాఫీ ఇచ్చి పంపించాము.)

గళ్ళను కూడ మార్చాము. 'సగంలో వదిలిన పుస్తకం' అని ఒక గడి పెట్టాము. ఎందుకు వదిలారో చెబితే చాలు. తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు, ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో చేసిన ప్రయాణాన్ని చెప్పే 'కాశీయాత్ర చరిత్ర'ను కొన్ని మజిలీల వద్దే వదిలి, ఆ కారణం చెప్పటానికి పావుగంట తీసుకొన్నాడు. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు దొరకాలని గ్రంథాలయ శాస్త్ర పితామహులు ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1931లోనే సూత్రీకరించారు. అన్ని మజిలీలూ చదివే పాఠకుడేనని వారు షరతు పెట్టలేదు.

'ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించిన పుస్తకం' అన్న గడి మేము ఊహించని చోటికి తీసుకొని పోయింది. మన పిల్లలలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చును, చదవటం కష్టం. ఐదవ తరగతి పాప ఒకతె, కంటి ఆపరేషన్ చేయించుకొని విశ్రాంతిలో ఉన్న అమ్మమ్మగారికి 'బారిస్టర్ పార్వతీశం' చదవటానికి పూనుకొన్నది. ఒత్తులు కూడబలుక్కొంటూ ఒక పేజీ పూర్తిచేయటానికి అరగంట పట్టేదట. ఆ పెద్దావిడకు పుస్తకం కంఠతా వచ్చును. మనుమరాలు తడబడిన చోట ముందుమాట అందించేవారు. పార్వతీశం టోపీ కొన్న ఘట్టం వచ్చేసరికి ఇద్దరూ నవ్వుతూ ఆగిపోయారనీ, మిగిలినది మరునాడు మళ్ళీ మొదటినుండీ చదివించుకొన్నారనీ ఆ పాప తల్లి మాకు చెప్పారు. ఆ చీటీలో ఆ ఒక్క గడికే వేసవి అంతా సరిపోయింది.

ఇక ఖాళీ గళ్ళ సంగతి. ఆ 12 గళ్ళను ఈసారి పిల్లలకే విడిచిపెట్టాము. తమకు తోచిన ఏ పుస్తకం పేరైనా అందులో రాసుకోవచ్చు. వాటికి ముచ్చట లేదు, లెక్క లేదు, ఏ హక్కూ రాదు. సెలవుల తరువాత చీటీలన్నీ బల్లపై పరచి చూచాము. చాలా చీటీలలో ఆ గళ్ళు తెల్లగానే ఉన్నాయి. దానిని దాచిపెట్టటం భావ్యం కాదు. కొన్నింటిలో రెండు మూడు పేర్లున్నాయి. వెనుకటి ఏడు చివరి వరుసలో కూర్చున్న అమ్మాయి చీటీలో ఐదు. వాటిలో మొదటిది మళ్ళీ 'టామ్ సాయరే'.

ఏడవ తరగతి అబ్బాయి ఒకడు మేమిచ్చిన 15 గళ్ళలో ఒక్కటీ నింపలేదు. ఖాళీ గళ్ళు పన్నెండూ నిండాయి. అన్నీ రైళ్ళ పుస్తకాలే. మా వద్ద ఉన్న రైళ్ళ పుస్తకాలు అంతటితో సరి. వరుస నిండలేదు గనుక, నిబంధన ప్రకారం అతనికి జాబితాలో పేరు రాసే హక్కు లేదు. అయినా కొనవలసిన పుస్తకాల జాబితా అడుగున, చిన్న అక్షరాలతో, పెన్సిలుతో మూడు పేర్లు కనిపించాయి. మేము వాటిని ఇంతవరకు చెరపలేదు.