పొయ్యిలో కాళ్ళు పెట్టిన దయ్యము



కావ్యములు చదివిన పండితుడు దయ్యాల సినిమాను మెచ్చుకొనుట యేమని మీలో కొందఱు నవ్వవచ్చును. నవ్వుడు. ఆ చిత్రము చూచుచు నేనును నవ్వితిని.

దాని పేరు ‘జగన్మోహిని’. 1978లో వెలువడినది. జయమాలిని, నరసింహరాజు, ప్రభ నటించిరి. తీసినవారు బి. విఠలాచార్యులవారు. వీరు 1920లో ఉడిపి దగ్గఱి ఉద్యావరమున జన్మించి, తొలుత కన్నడమున చిత్రములు తీసి, పిదప తెలుగునకు వచ్చి, 1963లో ‘బందిపోటు’ వంటివి తీసి, జానపద బ్రహ్మ యనిపించుకొని, 1999లో చెన్నపట్టణమున గతించిరి. స్వల్పధనముతో, స్వల్పకాలములో చిత్రము ముగించుట వారి పద్ధతి. జీతమునకై పేచీపెట్టిన నటుని పాత్రను శాపమున చిలుకగానో మేకగానో మార్చి కథ నడిపింతురని ఒక చమత్కారము వాడుకలో నుండెను.

నే నపుడు విజయనగరము మహారాజావారి సంస్కృత కళాశాలలో చదువుచుంటిని. సెలవులకు నాగావళి యొడ్డునున్న మా యూరికి రాగా, కోసిన మడిలో టూరింగు టాకీసు డేరా వేసియున్నది. నేల టిక్కెట్టు కొని యిసుకలో కూర్చుంటిని. అందొక దయ్యము తన కాళ్ళనే కట్టెలవలె పొయ్యిలోనికి దూర్చి వంట చేయును. డేరా అంతయు గొల్లుమన్నది.

బీభత్సమునుండి భయానకము పుట్టునని భరతముని చెప్పెను. భవభూతి ‘మాలతీమాధవము’ ఐదవ యంకమున మాధవుడు శ్మశానమునకు బోయి పిశాచములకు నరమాంస మమ్మజూపును. అది పాఠము చెప్పించుకొన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మఱి యీ డేరాలో మండుచున్న కాళ్ళను జూచి భయ మేల కలుగలేదు? విఠలాచార్యులవారి కంకాళములు కదలునపుడు వాని వెనుక నెవరో మనవంటి కూలివాడు చెమటోడ్చి లాగుచున్నట్లే యుండును. అందుచే జుగుప్స నిలువక హాస్యాద్భుతములలోనికి జాఱిపోవును. కోట్లు పోసి తీసిన నేటి చిత్రములలో నాకా సుఖము కలుగలేదు.

ఆ తంత్రము సులభమే. కెమేరా నాపి, మనిషిని తప్పించి, మరల త్రిప్పినచో మనిషి మాయమగును. పారిస్‌లో మెలియస్ అను గారడీవాడు 1896లోనే దీనిని చూపెను. ఇక నొక్కనినే యిద్దఱుగా చూపవలెనన్న, కటకమును సగము కప్పి తీసి, ఫిల్మును వెనుకకు చుట్టి, రెండవ సగమును తీయుదురు. పలకపై ఒక సగము మూసి రెండవ సగమున వ్రాసినట్లే.

ఇదంతయు మఱునాడు రచ్చబండ కడ చెప్పితిని. దానికి కారణము కలదు. మన జిల్లాలలో చిల్లంగి యను మాట యెఱుగనివారు లేరు. ఆ నిందపై ప్రాణములు తీసిన సంగతులును మనము వినియున్నాము. మా యూర నొక ముసలి విధవపై ఆ నింద పడెను. ఎవరి యెద్దు చచ్చినను ఆమె చూపే కారణము. పొయ్యిలోనికి నిప్పు కూడ నెవరును ఈయరు. దయ్యము తెరమీద నెట్లు పుట్టునో తెలిసినచో వారి మనసు మాఱునని నా బాల్యపు టాశ. అంతయు విని ఒక పెద్దరైతు, “సినిమాలో దెయ్యం సినిమాదే బాబూ, మనూళ్ళోది మనూళ్ళోదే” అనెను. తక్కినవారు తలలూపిరి. నాకు మాట తోచలేదు. వానలు పడకముందే ఆమె యింటిపై రాళ్ళు పడెను. ఆమె మూట గట్టుకొని కూతురి యూరికి పోయెను.

సినిమా నాటి రాత్రి ఆమెయు డేరాకు వచ్చినది. చుట్టును బారెడు ఇసుక ఖాళీగా విడిచి జనము కూర్చుండిరి. ఆ అంచున నుంటిని గనుక ఆమె మాట నాకు వినబడినది. దయ్యము కాళ్ళు భగ్గుమనగానే ఆమె అందఱికన్న బిగ్గఱగా నవ్వి, కన్నులు తుడుచుకొని, “నాకూ అలాటి కాళ్ళుంటే పుల్లల బాధ తప్పిపోను గదరా నాయనా” అనినది.