వాంతి ఎందుకవుతుంది?

పాడైన తిండితో క్రిములో, వాటి విషమో కడుపులోకి చేరితే అక్కడి నాడులు వెంటనే మెదడుకు కబురు పంపుతాయి. ‘దీన్ని బయటికి పంపెయ్’ అని మెదడు ఆజ్ఞ ఇస్తుంది.

ముందు నోట్లో లాలాజలం ఊరుతుంది. కడుపులోని ఆమ్లం తగిలి పళ్లు పాడవకుండా అది కాపాడుతుంది. తర్వాత ఊపిరితిత్తుల కింద ఉండే ఉదరవితానం, పొట్ట కండరాలు బిగుసుకుని జీర్ణాశయాన్ని గట్టిగా నొక్కుతాయి. తిన్నదంతా పైకి తన్నుకొస్తుంది.

మరి ఒక్కోసారి వాంతితో పాటు వచ్చే పొట్టనొప్పి ఎందుకు? పేగుల కండరాలు పట్టేసినట్టు ముడుచుకున్నా, గాలి చేరి పేగులు ఉబ్బినా పొట్ట నొప్పెడుతుంది.

వాంతులతో ఒంట్లోని నీరు, లవణాలు పోతాయి. అందుకే గ్లూకోజు, లవణాలు ఉండే ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం శుభ్రమైన నీటిలో కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాగాలి. అందులోని గ్లూకోజు ఉప్పును పేగు గోడ దాటిస్తుంది. ఉప్పు వెంట నీరూ ఒంట్లోకి చేరుతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా సోకినవారికి డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఇలాంటి ద్రావణమే తాగించి ఎన్నో ప్రాణాలు కాపాడారు.

వాంతిలో రక్తం గానీ ఆకుపచ్చ రంగు గానీ కనిపించినా, పొట్టలో కుడివైపు కింద నొప్పి పెరుగుతున్నా, మూత్రం బాగా తగ్గినా, మత్తుగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కడుపునొప్పి వస్తే దాచుకోకండి. ఇంట్లో అమ్మానాన్నలకు, బడిలో టీచర్‌కు వెంటనే చెప్పండి.