బడి తలుపులు బార్లా తెరుచుకునే ఋతువు
అమెరికా ప్రాథమిక పాఠశాలలో వసంతకాలం, తెలుగు కుటుంబాల పాత్ర

అమెరికాలో ఎలిమెంటరీ స్కూలు అంటే కిండర్‌గార్టెన్ నుంచి సాధారణంగా ఐదో తరగతి వరకు ఉండే ప్రాథమిక పాఠశాల. ఏ ఇంటి పిల్లలు ఏ బడికి వెళ్లాలన్నది చాలాచోట్ల ఇంటి చిరునామాను బట్టే నిర్ణయమవుతుంది కనుక, బడి ఖర్చులో చెప్పుకోదగిన భాగం ఆ ప్రాంతపు ఆస్తిపన్ను నుంచే సమకూరుతుంది కనుక, పేరుకు ప్రభుత్వ సంస్థే అయినా అది చుట్టుపక్కల ఇళ్ల ఉమ్మడి సొత్తుగానే నడుస్తుంది. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010 నుంచి 2017 లోపు 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటిందని జనగణన శాఖ సమాచారంపై జరిగిన విశ్లేషణ తేల్చింది. టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్, న్యూజెర్సీలోని ఎడిసన్, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న కమ్మింగ్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గుడి, తెలుగు సంఘం, వారాంతపు తెలుగు బడి శని, ఆదివారాల సంస్థలైతే, మిగిలిన ఐదు రోజులూ జీవితాన్ని నడిపించే స్థానిక సంస్థ ఈ ప్రాథమిక పాఠశాలే. అయినా తెలుగు సంఘాల సంచికల్లో గుడికి, కళావేదికకు దక్కినన్ని పుటలు ఈ బడికి ఎన్నడూ దక్కలేదు.

పిల్లవాడిని బడిలో వేయడాన్ని తెలుగువారు ‘మాస్టారి చేతిలో పెట్టడం’ అంటారు. అక్షరాభ్యాసం నాడు పలకా బలపం చేతికిచ్చి, ఆపై చదువు బాధ్యతంతా గురువుదేనని నమ్మి, ఫీజు కట్టడానికో ఫిర్యాదు వచ్చినప్పుడో తప్ప బడి గడప తొక్కకపోవడం ఉపాధ్యాయుడి పట్ల గౌరవంగానే చెల్లుబాటయింది. అమెరికా బడి మాత్రం తల్లిదండ్రుల గైర్హాజరును గౌరవంగా చదవదు. వారికి తీరిక లేదనో, ఆసక్తి లేదనో అర్థం చేసుకుంటుంది. ఈ అపార్థం ఎవరి తప్పూ కాదు గాని, దాని నష్టం పిల్లవాడి మీదే పడుతుంది. సొంతగడ్డ మీద కూడా పాత పద్ధతి మారుతోందన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలని నిర్దేశించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటిలో 2024 డిసెంబరు 7న ఒకే రోజున తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశాలు జరిగాయి. అదే ఏడాది తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి.

అమెరికాలో ఈ భాగస్వామ్యానికి రూపమిచ్చిన సంస్థ పీటీఏ, అంటే తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘం. ఆలిస్ మెక్‌లెల్లన్ బర్నీ, ఫీబీ ఆపర్సన్ హర్‌స్ట్ అనే ఇద్దరు మహిళలు 1897 ఫిబ్రవరి 17న వాషింగ్టన్‌లో ‘జాతీయ మాతృ మహాసభ’ పేరిట తొలి సమావేశం ఏర్పాటు చేయగా, స్త్రీలకు ఇంకా దేశమంతటా ఓటు హక్కైనా లేని ఆ రోజుల్లో రెండు వేల మందికి పైగా తరలివచ్చారు. నల్లజాతి పిల్లలు వేరుగా చదవవలసి వచ్చిన దక్షిణాది రాష్ట్రాల్లో సెలీనా స్లోన్ బట్లర్ అట్లాంటా కేంద్రంగా ఇటువంటి సంఘాలను కూడగట్టి 1926లో వాటికి జాతీయ సంస్థను ఏర్పరిచారు. రెండు సంస్థలూ 1970లో ఒక్కటయ్యాయి. ఆ ముగ్గురినీ నేటి పీటీఏ తన వ్యవస్థాపకులుగా గౌరవిస్తుంది. బర్నీ పుట్టిన మారియెట్టా, బట్లర్ పనిచేసిన అట్లాంటా రెండూ నేడు వేలాది తెలుగు కుటుంబాలు నివసించే ప్రాంతంలోనే ఉన్నాయి. కిండర్‌గార్టెన్ తరగతులు, బడిలో వేడి భోజనం, బాలకార్మిక నిషేధ చట్టాలు ఈ తల్లుల ఉద్యమం ప్రధానంగా కోరినవే కాబట్టి, ఈ రోజు ఐదేళ్ల తెలుగు పిల్ల పసుపు రంగు బస్సు ఎక్కి బడికి వెళ్లడం వెనుక వారి శ్రమ ఉంది. జాతీయ పీటీఏతో సంబంధం లేకుండా అదే పని చేసే స్వతంత్ర సంఘాలను పీటీఓలు అంటారు.

జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన సామాజిక శాస్త్రవేత్త జాయిస్ ఎప్‌స్టీన్ కుటుంబ భాగస్వామ్యాన్ని ఆరు తెరగులుగా విభజించారు. పిల్లల పెంపకం, బడితో సమాచార సంబంధం, స్వచ్ఛంద సేవ, ఇంటి దగ్గర చదువు, నిర్ణయాల్లో పాలుపంచుకోవడం, చుట్టుపక్కల సమాజంతో కలిసి పనిచేయడం అనే ఈ ఆరింటిలో తెలుగు తల్లిదండ్రులు ఇంటి దగ్గర చదివించడంలో ఎవరికీ తీసిపోరు. ఎక్కాల నుంచి స్పెల్లింగ్ వరకు వంటింటి బల్ల మీద సాగే ఆ సాధన వారి బలం. వెలితి ఉన్నది మూడో తెరగులోనూ, అంతకంటే ఎక్కువగా ఐదో తెరగులోనూ. ఆ వెలితి తీరే అవకాశం ఏడాదిలో వసంతకాలానికి ఉన్నంతగా మరే కాలానికీ లేదు.

మార్చి వచ్చేసరికి బడి వేడుకలు ఒకదాని వెంట ఒకటి మొదలవుతాయి. జాతీయ ఉపాధ్యాయ సంఘం 1998లో ఆరంభించిన పఠన దినోత్సవం మార్చి 2న లేదా ఆ వారంలో వస్తుంది. తల్లో తండ్రో తరగతికి వచ్చి ఒక కథ చదివి వినిపించడం అందులో ప్రధాన ఘట్టం. ఏప్రిల్ 22న ధరిత్రీ దినోత్సవం, చాలా రాష్ట్రాల్లో అదే నెల చివరి శుక్రవారం చెట్లు నాటే ఆర్బర్ దినోత్సవం, మే మొదటి పూర్తి వారంలో ఉపాధ్యాయుల గౌరవ వారం వస్తాయి. వీటి మధ్యలో పుస్తకాల అంగడి, సైన్స్ ప్రదర్శన, వారం రోజుల వసంత సెలవులు సర్దుకుంటాయి. టెక్సాస్‌లో మే నెలాఖరుకే బడులు మూతపడితే న్యూజెర్సీలో జూన్ మూడో వారం దాకా సాగుతాయి కనుక, ఊరు మారిన కుటుంబం ఈ లెక్కను మళ్లీ నేర్చుకోవలసి ఉంటుంది.

వసంతకాలపు తరగతి గదిలో అన్నిటికంటే శ్రద్ధగా చూడదగినది ప్రాణుల జీవితచక్రం గురించిన పాఠం. చాలా బడుల్లో చిన్న తరగతుల పిల్లలు పెయింటెడ్ లేడీ అనే జాతి సీతాకోకచిలుకలను పెంచుతారు. అడుగున ఆహారపు ముద్ద ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నాలుగైదు గొంగళిపురుగులు టపాలో వస్తాయి. అవి మేసి మేసి లావెక్కి, మూత దాకా పాకి, తలకిందులుగా కొక్కెంలా వంగి వేలాడి, చర్మం విడిచి ప్యూపాలుగా మారతాయి. టీచర్ వాటిని వలగూటిలోకి మార్చాక వారం పది రోజులకు రెక్కల జీవి బయటపడుతుంది. ఆ సమయంలో కారే ఎర్రని ద్రవాన్ని చూసి పిల్లలు రక్తమనుకుని హడలిపోతారు. అది ప్యూపా దశలో మిగిలిన వ్యర్థమేనని, సీతాకోకచిలుకకు నొప్పేమీ లేదని టీచర్ నచ్చజెప్పవలసి వస్తుంది. బయట వెచ్చదనం 13 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజున, తల్లిదండ్రులను కూడా పిలిచి, పిల్లలంతా వలయంగా నిలబడి ఉండగా వాటిని వదిలేస్తారు. ఆ పావుగంటకు ఆఫీసు నుంచి రాగలిగిన తండ్రిని పిల్ల చాలాకాలం గుర్తుపెట్టుకుంటుంది.

కొన్ని బడుల్లో కోడిగుడ్లను పొదిగే పెట్టె, అంటే ఇంక్యుబేటర్, తెచ్చి పెడతారు. 21 రోజుల లెక్క గోడ మీద రాసుకుని, గుడ్లను రోజూ తిప్పి, మధ్యలో దీపపు వెలుతురుకు ఎదురుగా పట్టి లోపల పిండం ఎదుగుతోందో లేదో చూసి, చివరి మూడు రోజులు కదపకుండా వదిలేస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు ఇంట్లో తోచక కూర్చుని ఉంటారు. గంపలో గడ్డి పరిచి పెట్టను పొదగేసి, గుడ్డును వెలుగులో చూసి మంచిదో మురిగినదో చెప్పగల వారి అనుభవం ఆ తరగతికి కావలసిన పాఠమే. మనవడు అనువాదకుడిగా పక్కన నిలబడితే చాలు, వారికి ఇంగ్లీషు రాకపోవడం అడ్డు కాదు. బడిలో అతిథులుగా పేరు నమోదు చేసుకుని తాతలు, అమ్మమ్మలు తరగతికి రావడానికి అనుమతించే బడులు ఎన్నో ఉండగా, ఈ అవకాశాన్ని తెలుగు కుటుంబాలు వాడుకున్నది చాలా తక్కువ.

తెలుగువారు పెద్ద సంఖ్యలో కనిపించే వసంత వేడుక బహుళ సంస్కృతుల సాయంత్రం. భోజనశాలలో ఒక్కో దేశానికి ఒక్కో బల్ల వేసి, మూడు మడతల అట్టల మీద బొమ్మలు, పటాలు అతికిస్తే, పిల్లలు పాస్‌పోర్టు ఆకారంలో ఉన్న చిన్న పుస్తకాలతో బల్ల నుంచి బల్లకు తిరిగి ముద్రలు వేయించుకుంటారు. భారతదేశమంతటికీ ఒకటే బల్ల దక్కడం వల్ల తెలుగు అనే మాట ఎక్కడా కనబడకుండా పోవడం సాధారణం. దీనికి మందు మరో బల్ల కోసం పోట్లాడటంలో లేదు. ఉన్న బల్ల మీద పిల్లల పేర్లను వారి చేతనే తెలుగు లిపిలో రాయించి పంచడం, నేల మీద చుక్కలు పెట్టి ముగ్గు వేయడం ఎలాగో నేర్పడం వంటి పనులకు పట్టే ఖర్చు లేదు, చుట్టూ చేరే పిల్లలకు లెక్క ఉండదు. ఉగాది సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లోనే వస్తుంది కాబట్టి ఆ పండుగను వివరించడానికీ ఇదే సందర్భం. 2026లో పరాభవ నామ సంవత్సరాది మార్చి 19, గురువారం నాడు, అంటే బడి నడిచే వారంలోనే వచ్చింది. అయితే పల్లీలు, జీడిపప్పు వంటివి సరిపడని పిల్లల కోసం చాలా బడులు ఇంట్లో వండిన పదార్థాలను అనుమతించవు కనుక ఉగాది పచ్చడిని గిన్నెలో తీసుకెళ్లే ముందు నియమాలు తెలుసుకోవాలి. రుచి చూపించడం కుదరనిచోట వేపపువ్వును, బెల్లాన్ని, కొత్త చింతపండును, మామిడికాయను చూపించి ఆరు రుచుల అర్థం చెప్పినా పిల్లలు ఎంతో కుతూహలంగా వింటారు.

ఇదే కాలంలో రాష్ట్ర పరీక్షలు కూడా వస్తాయి. 2002లో అమల్లోకి వచ్చిన సమాఖ్య చట్టం, దాని స్థానంలో 2015లో వచ్చిన చట్టం రెండూ మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏటా చదవడంలో, గణితంలో పరీక్ష తప్పనిసరి చేశాయి. టీచరుతో జరిగే పావుగంట సమావేశంలో తెలుగు తల్లిదండ్రుల తొలి ప్రశ్న ఈ మార్కుల మీదే ఉంటుంది. ప్రాథమిక స్థాయిలో తరగతి ర్యాంకు అనేది సాధారణంగా ఉండదు; టీచర్ చెప్పాలనుకునేది పిల్లవాడు ఎవరితో ఆడుతున్నాడు, ఓడిపోయినప్పుడు ఎలా ఉంటున్నాడు, తెలియనిది అడుగుతున్నాడా లేదా అన్న విషయాలు. ఉన్న పావుగంటలో పది నిమిషాలు వాటికి విడిచిపెట్టడం మేలు.

కొత్తగా బడిలో చేరే పిల్లల నమోదు కూడా చాలా జిల్లాల్లో వసంతంలోనే మొదలవుతుంది. వయసు, నివాసం, టీకాల ధ్రువపత్రాలతో పాటు ఇంట్లో మాట్లాడే భాష గురించిన పత్రాన్ని నింపాలి. తెలుగు అని రాస్తే పిల్లను వేరే తరగతిలో కూర్చోబెడతారన్న భయంతో కొందరు ఇంగ్లీషు అని రాస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీస్ పిల్లల తరఫున దాఖలైన లావ్ వర్సెస్ నికల్స్ కేసులో 1974లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నాటి నుంచి, ఇంగ్లీషు రాని పిల్లలకు చదువు అర్థమయ్యేలా సాయం చేయడం బడుల బాధ్యత అయింది. ఆ సాయం ఎవరికి కావాలో గుర్తించడానికే ఈ ప్రశ్న. తెలుగు అని రాసినంత మాత్రాన పిల్ల తరగతి మారదు. ఆపై జరిపే పరీక్షలో ఇంగ్లీషు బాగా వచ్చినట్టు తేలితే పిల్ల మామూలు తరగతిలోనే ఉంటుంది, అవసరమని తేలినా ఆ ప్రత్యేక బోధనను వద్దనే హక్కు తల్లిదండ్రులకు ఉంటుంది. ఇంటి భాషను దాచడం వల్ల మాత్రం తమ పరిధిలో తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో విద్యాజిల్లాకు తెలియకుండా పోతుంది. సొంత భాష పేరు రాయడానికి సంకోచించిన ఇంట్లో ఆ భాష పిల్లలకు మిగలడం కష్టం.

సంవత్సరాంతపు ఆటల దినం ఫీల్డ్ డే. గోనెసంచి పరుగు, తాడు లాగే పోటీ, నీళ్ల బుడగలు విసురుకోవడం వంటి ఆటలకు గెలుపోటముల లెక్క పెద్దగా ఉండదు గాని, ఒక్కో ఆట దగ్గర ఒకరిద్దరు పెద్దలు లేకపోతే ఆ రోజు గడవదు. తమ పిల్లవాడి వంతు అయ్యాక ఫోటో తీసుకుని వెళ్లిపోయేవారికీ, పక్క తరగతి పిల్లలకు నీళ్లు పోస్తూ మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడేవారికీ ఉన్న తేడాను టీచర్లు, ఇతర తల్లిదండ్రులు గమనిస్తారు. స్వచ్ఛంద సేవకు ముందు నేరచరిత్ర పరిశీలన కోసం ఒక పత్రం నింపాలి, బడి ముందరి ఆఫీసులో గుర్తింపు కార్డు చూపించి పేరున్న స్టికర్ అంటించుకోవాలి. ఎంతో కష్టమైనదేమీ కాదు. ఉద్యోగుల సేవా గంటలకు తగినట్టు బడి సంఘాలకు విరాళమిచ్చే కంపెనీలు తెలుగువారు ఎక్కువగా పనిచేసే సాఫ్ట్‌వేర్ రంగంలోనే ఉన్నాయి. ఇక ఉద్యోగ వీసాదారుల కుటుంబీకులకిచ్చే ఎచ్-4 వీసా మీద వచ్చి, 2015లో నిబంధన సడలే దాకా ఉద్యోగానుమతి అసలే లేక, ఆ తర్వాత కూడా అందరికీ దక్కక ఇంటికే పరిమితమైన చదువుకున్న తల్లుల్లో ఎందరికో, జీతం లేని ఈ సేవే అమెరికా సమాజంలో తమ పేరుతో తాము నిలబడిన తొలి చోటు అయింది. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడంతో మొదలుపెట్టి సంఘం కోశాధికారులైనవారి సామర్థ్యాన్ని తెలుగు సంఘాలు తమ వేదికల మీద గుర్తించవలసి ఉంది.

నిర్ణయాల్లో భాగస్వామ్యం అన్న ఐదో తెరగు ఇక్కడే మొదలవుతుంది. పీటీఏ కార్యవర్గం ఎన్నికలు చాలాచోట్ల వసంతంలోనే జరిగి, కొత్తవారు వేసవిలో బాధ్యతలు తీసుకుంటారు. వచ్చే ఏడాది బహుళ సంస్కృతుల సాయంత్రం ఏ తేదీన ఉండాలి, గ్రంథాలయానికి ఏ పుస్తకాలు కొనాలి, ఏ తరగతికి ఎంత డబ్బు కేటాయించాలి అనే ప్రశ్నలకు జవాబులు అక్కడ తేలుతాయి. చాలా బడుల్లో ఆ పదవులకు పోటీ ఉండదు. నిలబడేవారి కోసం సంఘమే వెతుక్కుంటూ ఉంటుంది. తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్న బడిలో కూడా ఆ కార్యవర్గపు బల్ల దగ్గర తెలుగువారి కుర్చీ ఖాళీగా ఉండటం బాధ కలిగించే విషయం.

సెలవులు ఇచ్చే ముందు బడి తోట బాధ్యత పంపకం చివరి పనిగా మిగులుతుంది. వసంతంలో పిల్లలు చెక్క మళ్లలో నాటిన టమాటా, చిక్కుడు మొక్కలకు వేసవంతా నీళ్లు పోయడానికి ఒక్కో కుటుంబం ఒక్కో వారం చొప్పున పేరు రాసుకుంటుంది. టెక్సాస్ ఎండకు తోటకూర, గోంగూర మొండిగా ఎదుగుతాయి కనుక మే నెలలో ఒక తెలుగు ఇల్లు గుప్పెడు గోంగూర గింజలు తెచ్చి పిల్లల చేత నాటించి, తన వంతు వారంలో పిల్లలతో వచ్చి నీళ్లు పోస్తే, ఆగస్టులో బడి మళ్లీ తెరిచేనాటికి ఆ మొక్క రెండో తరగతి పిల్లంత ఎత్తు ఉంటుంది.