130 డాలర్ల సంతకం

మొన్న పండక్కి ఇల్లు దులుపుతూ అటక సర్దుతుంటే, మా అబ్బాయి చిన్నప్పటి బొమ్మల కథల పుస్తకాలు ఓ సంచీడు దొరికాయి. నీలం బట్టలు, వీపు మీద ఎర్రటి దుప్పటీలాంటిది ఎగురుతూ ఆ సూపర్‌మేన్ కూడా ఉన్నాడు వాటిల్లో. "పాత పేపర్లవాడికి తూకానికి వేసేస్తానురా" అన్నాను. "అమ్మా, ఆ కథ మొదట అచ్చయిన పుస్తకం ఒక్కటి ఇప్పుడు ఎంత పలుకుతోందో తెలుసా?" అంటూ మావాడు మొదలుపెట్టాడు. వాడు చెప్పిందీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ మీతో చెప్పుకోవాలనిపించింది. పిల్లల పుస్తకాల గొడవ మనకెందుకండీ అనుకోకండి. ఇందులో మనలాంటి ఓ ఇల్లాలి కథ కూడా ఉంది.

అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఊరు. అక్కడ ఒకే హైస్కూల్లో చదివిన ఇద్దరు స్నేహితులు జెర్రీ సీగెల్, జో షుస్టర్. ఇద్దరూ 1914లోనే పుట్టారు. జెర్రీ కథలు రాసేవాడు, జో బొమ్మలు వేసేవాడు. అవి ఉద్యోగాలు దొరక్క జనం అల్లాడిపోతున్న రోజులు. జెర్రీ వాళ్ళ నాన్నగారికి బట్టల దుకాణం ఉండేది. 1932లో ఓ సాయంత్రం దొంగలు పడితే, ఆయన దుకాణంలోనే కుప్పకూలి ప్రాణం వదిలారు. జో ఇంట్లోనూ అంతంతమాత్రమే. కాగితం కొనలేక పొట్లాలు కట్టే కాగితం మీద కూడా బొమ్మలు వేసేవాడట!

ఆ ఇద్దరూ కలిసి అల్లిన వీరుడే సూపర్‌మేన్. కథలో లోయిస్ లేన్ అనే పత్రికా విలేఖరి ఉంటుంది. ఆమె బొమ్మకి నమూనాగా 1935లో జోవాన్ అనే అమ్మాయి వచ్చి కూర్చుంది. పేపర్లో తనే ప్రకటన ఇచ్చుకుని నాలుగు డబ్బులు సంపాదించుకోవాలనుకున్న పిల్ల. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అప్పటికి కామిక్స్ పుస్తకాలంటే పేపర్లలో వచ్చిన బొమ్మల వరసల్నే మళ్ళీ అచ్చేసి అమ్మేవారు. కొత్త కథలు వేయడం అప్పుడప్పుడే మొదలైంది. వీళ్ళ కథని చాలామంది తిప్పి పంపారు. చివరికి 1938 మార్చిలో ఒక కంపెనీ తీసుకుంది. 13 పేజీలు, పేజీకి 10 డాలర్లు, మొత్తం 130 డాలర్లు. దాంతోపాటు ఒక కాగితం వచ్చింది. ఆ కథ మీదా, ఆ పాత్ర మీదా హక్కులన్నీ శాశ్వతంగా కంపెనీవేనని దాని సారాంశం. ఏళ్ళ తరబడి ఎదురుచూసి విసిగిపోయిన కుర్రాళ్ళు సంతకాలు పెట్టేశారు.

ఆ ఏప్రిల్లోనే 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక బజార్లోకి వచ్చింది. ధర 10 సెంట్లు. అట్ట మీద సూపర్‌మేన్ ఓ కారుని రెండు చేతుల్తో ఎత్తి పడేస్తుంటాడు. ఇక చూసుకోండి! మరుసటి ఏడాదికే ఆయన పేరుతోనే ఓ పుస్తకం, 1940 నుంచి రేడియో నాటకం. అది చూసి మిగతా వీరులూ బయల్దేరారు. 1939లో బ్యాట్‌మేన్, 1941లో వండర్ ఉమన్.

మరి ఆ ఇద్దరి సంగతి? కొన్నాళ్ళు పేజీకింతని మంచి డబ్బే ఇచ్చారు. కానీ సొంతదారులు వేరు, పనివాళ్ళు వేరు కదండీ. హక్కు కావాలని 1947లో కోర్టుకెక్కారు. 1948లో 94,000 డాలర్లకి రాజీ కుదిరింది. పనీ పోయింది, పుస్తకాల మీద పేర్లూ పోయాయి. కంటిబిడ్డని వేరే ఇంటిపేరుతో పిలుస్తుంటే కన్నవాళ్ళకి ఎలా ఉంటుంది?

సరిగ్గా ఆ కష్టకాలంలోనే, 1948లో, జెర్రీని పెళ్ళి చేసుకుంది ఎవరనుకున్నారు? బొమ్మకి నమూనాగా కూర్చున్న ఆ జోవానే! ఇంట్లో గడవక, ఆయనకి పనివ్వమని కంపెనీకి వెళ్ళి అడిగింది ఆవిడే. 1959 ప్రాంతంలో జెర్రీ మళ్ళీ సూపర్‌మేన్ కథలు రాశాడు, పేరు లేకుండా. జోకి కళ్ళు మసకబారిపోయాయి.

1975లో సూపర్‌మేన్ మీద పెద్ద సినిమా తీస్తున్నారని తెలిసి జెర్రీ కడుపుమంట ఆపుకోలేక పత్రికలకి రాశాడు. తోటి చిత్రకారులు అండగా నిలబడ్డారు. లోకం ఏమనుకుంటుందోనని కంపెనీవాళ్ళు దిగొచ్చి, ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్ల పింఛను ఇచ్చి, పేర్లు మళ్ళీ వేశారు. జో 1992లో, జెర్రీ 1996లో కన్నుమూశారు. ఆ తర్వాత జోవాన్, కూతురూ హక్కుల కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. 2008లో వాళ్ళవైపు తీర్పొచ్చింది. ఆవిడ 2011లో పోయారు. 2013లో పై కోర్టు, 2001లో వీళ్ళ లాయరు రాసిన ఒప్పుదల ఉత్తరమే చెల్లుతుందని తేల్చేసింది. మళ్ళీ కాగితమే!

ఆ 130 డాలర్లు కలిపి ఇచ్చిన 412 డాలర్ల చెక్కు ఉంది చూశారూ, దాని మీద వాళ్ళ పేర్లు కూడా తప్పు రాశారట. 2012లో ఆ చెక్కు కాగితాన్ని వేలంలో 1,60,000 డాలర్లకి కొనుక్కున్నారు. 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక ఒకటి 2024లో 60 లక్షల డాలర్లు పలికింది. అంత ధర ఎందుకంటారా? యుద్ధకాలంలో పిల్లలు కామిక్స్‌ని పాత కాగితాల కింద పోగుచేసి ఇచ్చేశారు. మిగిలినవి తల్లులు బయట పారేశారు. ఆ మొదటి సంచికలు ఇప్పుడు వంద దాకా ఉంటాయని అంచనా. కాలిఫోర్నియాలో ఓ తల్లి మాత్రం పారెయ్యలేదు. ఆవిడ పోయాక, అటక మీద అట్టపెట్టెలో పాత పేపర్ల కింద 1939 నాటి సూపర్‌మేన్ మొదటి పుస్తకం కొడుకులకి దొరికింది. 2025లో అది 91 లక్షల డాలర్లకి పైగా అమ్ముడైంది!

అన్నట్టు, 1980లో మన ఎన్టీ రామారావుగారు కూడా 'సూపర్‌మేన్' పేరుతో ఓ సినిమాలో వేశారు. ఎక్కడి క్లీవ్‌లాండ్, ఎక్కడి తెలుగు తెర!

అయితే నా మనసు పుస్తకాల ధర మీద లేదండీ, ఆ సంతకం మీదే ఉంది. కొన్నేళ్ళ కిందట తెలిసినావిడ చీటీ పాడుకుంటే, "ఇక్కడ సంతకం పెట్టు వదినా, ఊరికే" అంటే ష్యూరిటీగా పెట్టేశాను. చదవనైనా లేదు. ఆరు వాయిదాలు నేనే కట్టుకున్నాను. మావారు ఒక్క మాట కూడా అనలేదు గానీ, ఆ మౌనమే నాకు ఎక్కువ బాధనిపించింది.

చీటీ కాగితమైనా, బ్యాంకు అప్పయినా, పుట్టింటి ఆస్తి పత్రమైనా "రేపు చదివి పెడతాను" అనండి. మొహమాటపడొద్దు. అర్థం కాకపోతే తెలిసినవాళ్ళకి చూపించండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఆకాశంలో ఎగిరే వీరుణ్ణి పుట్టించినవాళ్ళనే ఓ కాగితం ముక్క నేలకి దించేసింది.

మావాడి పుస్తకాలంటారా? అమ్మలేదు. ఎండు వేపాకు వేసి, మూటకట్టి, మళ్ళీ అటకెక్కించాను.