మద్దిచెట్టు పురుగు, గోగుపూవు పురుగు

శ్రీకాకుళం, విజయనగరం సీమలో కొండల అడవికీ మెట్టచేలకూ నడుమ దూరం స్వల్పము. పైన మద్దిచెట్లు, దిగువన గోగు, కంది, బొబ్బర చేలు. అడవిలో దసలిపట్టు పురుగు, చేలలో రంగురంగుల పెంకుపురుగు. ఈ రెండింటిలో మనకు మిత్రమెవరు, శత్రువెవరు?

దసలిపురుగు బతుకంతయు బాల్యముననే ఉన్నది. పచ్చని గొంగళిగా నెలకు పైబడి మద్దిఆకు మేసి, నాలుగుమార్లు కుబుసము విడిచి, కొమ్మకు కాడతో వ్రేలాడు గట్టి గూడు అల్లుకొనును. అందుండి వెలువడు రెక్కలపురుగు చూడముచ్చటైనది. నాలుగు రెక్కలమీద నాలుగు అద్దపు కన్నులు. కాని దానికి తినుటకు పనికివచ్చు నోరు లేదు! చిన్ననాడు కూడబెట్టిన సత్తువతోనే వారము పదిరోజులు గడపును. రాత్రివేళ ఆడది వెదజల్లు వాసనను మగది ఈకలవంటి మీసములతో పసిగట్టి వెదకికొని వచ్చును. ఆడది గుడ్లు పెట్టుటతో కథ ముగియును.

పెంకుపురుగు తీరు వేరు. నల్లని రెక్కలపై నారింజవన్నె పట్టెలతో పట్టపగలు పూవుమీద కూర్చుండును, దాగదు, బెదరదు. ఆ రంగులు సింగారము కాదు, హెచ్చరిక. చేత నలిపినచో కాళ్ల కీళ్లనుండి ద్రవము స్రవించును. అందులోని కాంథారిడిన్ అను విషము తగిలినచోట బొబ్బలెక్కును. గోగు, బెండ, కంది, బొబ్బర పూతను ఇది తినివేయును. పూత పోయిన పిదప కాయ ఎక్కడిది? రైతుకు ఇది శత్రువే. అయినను దీని పిల్ల నేలలో మిడతల గుడ్లను తిని పెరుగును. అనగా బాల్యమున చేసిన మేలును ప్రాయమున పూతతో రాబట్టుకొనుచున్నదన్నమాట!

ఇక మిత్రునికి మనము చేయు మర్యాద ఏమి? దారము తెగకుండ తీయుటకై గూటిలోని ప్రాణిని వేడిమితో చంపుట వాడుక. ఆకు తిన్నదానిని ఆదరించి, ఆదరించినదానినే వేచుచున్నాము.

మిత్రత్వము, శత్రుత్వము పురుగులో లేవు. మన అవసరములో ఉన్నవి. అవసరము తీర్చుకొనుటకును ఒక మేర కలదు. గూళ్లన్నియు ఏరుకొన్నచో గుడ్లు పెట్టువారెవరు? చేనంతయు మందు చల్లినచో పెంకుపురుగుతోపాటు తేనెటీగయు చచ్చును. పురుగు మందకొడిగా ఉండు ఉదయపువేళ చేతికి తొడుగు వేసికొని, ఏరి సబ్బునీట వేసిన చాలును. అడవిలో కొన్ని గూళ్లు మిగులవలెను, చేనిలో తేనెటీగలు మిగులవలెను.